ల్యాప్‌టాప్ పదే పదే మొరాయిస్తే: రిపేరు ఎక్కడ ఆగుతుంది, రీఫండ్ ఎక్కడ మొదలవుతుంది

కొత్త ల్యాప్‌టాప్ కొన్న రెండో నెలలో స్క్రీన్ మీద గీతలు పడతాయి. సర్వీస్ సెంటర్‌వాళ్లు డిస్‌ప్లే కేబుల్ మార్చి ఇస్తారు. కొన్ని వారాలు బాగానే నడిచి, ఒకరోజు మీటింగ్ మధ్యలో దానంతటదే ఆగిపోతుంది. ఈసారి మదర్‌బోర్డు మారుస్తారు. ఆ తర్వాత వైఫై పట్టదు. "వారంటీ ఉంది కదరా, డబ్బులు వెనక్కిమ్మని అడుగు" అంటారు ఊళ్లో నాన్న. "వారంటీలో రీఫండ్ ఉండదు సార్, రిపేర్ ఒక్కటే" అంటుంది కౌంటర్‌లో అమ్మాయి. ఇద్దరి మాటల్లోనూ సగమే నిజం. బెంగళూరులో మరతహళ్లి, బీటీఎం పీజీల్లో ఉండే మన కుర్రాళ్లు చాలామంది ఈ రెండు మాటల మధ్య పడి నెలల తరబడి నలుగుతుంటారు.

ముందు ఆ అమ్మాయి మాటే తీసుకుందాం. వారంటీ అంటే తయారీ కంపెనీ తనంతట తాను రాసిచ్చే హామీ. అందులో ఏం రాయాలో కంపెనీయే నిర్ణయించుకుంటుంది కాబట్టి, దాదాపు అందరూ ఒకేలా రాసుకుంటారు: చెడిపోయిన పార్టు బాగుచేస్తాం లేదా మారుస్తాం, వేసే పార్టు కొత్తది కావచ్చు, బాగుచేసి సిద్ధం చేసిన పాతది కావచ్చు, ఏది చేయాలన్నది మా ఇష్టం. ఆ కాగితం వరకే చూస్తే ఆమె చెప్పింది తప్పు కాదు. పైగా కంపెనీల లాయర్ల చేతిలో ఒక గట్టి తీర్పు కూడా ఉంది. మారుతి ఉద్యోగ్, సుశీల్ కుమార్ గబ్‌గోత్రాల కేసులో 2006లో సుప్రీం కోర్టు, పార్టు మారుస్తామని వారంటీలో ఉన్నప్పుడు కంపెనీ బాధ్యత ఆ పార్టు వరకేనని, మొత్తం కారే మార్చివ్వమనడం కుదరదని చెప్పింది. అది కారు కేసే అయినా ఫ్రిజ్, ఫోన్, ల్యాప్‌టాప్ అన్నిటికీ దాన్నే చూపిస్తుంటారు.

ఇప్పుడు నాన్నగారి సగం. వారంటీ కార్డుతో చట్టం అయిపోదు. 2020 జులై నుంచి అమల్లో ఉన్న వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం, వస్తువు నాణ్యతలో, పనితీరులో ఉండాల్సిన దానికన్నా ఏ లోపమున్నా అది డిఫెక్టే. అది రుజువైతే, ఇలాంటి ఫిర్యాదులు విచారించే వినియోగదారుల కమిషన్ లోపం సరిచేయమనవచ్చు, కొత్తది ఇమ్మనవచ్చు, కట్టిన ధర వడ్డీతో సహా వెనక్కివ్వమనవచ్చు, దాని మీద నష్టపరిహారమూ వేయవచ్చు. సెక్షన్ 39లో ఇవన్నీ వరసగా ఉన్నాయి. సెక్షన్ 2(47)లో ఇంకో మాట ఉంది, చాలామంది దాకా రానిది: లోపమున్న వస్తువును బిల్లులో రాసిన గడువులో, గడువేదీ రాయకపోతే 30 రోజుల్లో, వెనక్కి తీసుకుని డబ్బివ్వడానికి నిరాకరిస్తే అది అనుచిత వాణిజ్య పద్ధతి అవుతుంది. షోరూముల్లో బిల్లు కింద కనిపించే "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అన్న వాక్యానికి, సరుకులో లోపమున్నప్పుడు పెద్ద విలువ లేదు.

మరి ఇంత చట్టం ఉండీ రీఫండ్ ఎందుకు కష్టం? పార్టు చెడిపోవడం వేరు, వస్తువే బాగుపడనిది కావడం వేరు. మొదటిదానికి మందు రిపేరు, రెండోదానికి రీఫండ్. కమిషన్ ముందు మనం నిరూపించాల్సింది "నా ల్యాప్‌టాప్ చెడిపోయింది" అని కాదు, అది కంపెనీ కూడా ఒప్పుకుంటుంది, అందుకేగా పార్టులు మార్చింది. "మీకు తగినన్ని అవకాశాలిచ్చాను, అయినా బాగుచేయలేకపోయారు" అని నిరూపించాలి. ఎన్ని రిపేర్లయితే తగినన్ని అన్నట్టు? అమెరికాలో కార్లకు కొన్ని రాష్ట్రాల్లో దీనికి లెక్కలున్నాయి. మన చట్టంలో అలాంటి అంకె లేదు. మూడుసార్లు రిపేరయితే రీఫండ్ ఇచ్చి తీరాలన్న రూల్ ఉందని ఎవరైనా గట్టిగా చెప్తే నమ్మకండి. ఎన్నిసార్లు, ఎంత తొందరగా, ఎన్ని రోజులు యంత్రం చేతిలో లేకుండా పోయింది, ఒకే లోపమా, అన్నీ కలిపి చూస్తారు.

అందులో "ఒకే లోపమా" అన్న దగ్గరే సగం కేసులు నీరుగారిపోతాయి. ఇక్కడ కాస్త ఆగాలి, ఎందుకంటే ఇదంతా జరిగేది కోర్టులో కాదు, సర్వీస్ సెంటర్ కౌంటర్ మీద, జాబ్ షీట్ అనే ఒక్క కాగితంలో.

కర్నూలు నుంచి వచ్చి ఇక్కడ ఉద్యోగం చేస్తున్న ఒక కుర్రాడు అనుకుందాం. ఛార్జర్ పెట్టి వీడియో కాల్‌లో ఉంటే అరగంటలోపే ల్యాప్‌టాప్ టక్కున ఆగిపోతోంది. అదే మాట కౌంటర్‌లో చెప్తాడు. అక్కడి మనిషి వింటూనే "సిస్టమ్ స్లో, హ్యాంగింగ్" అని టైపు చేస్తాడు, ఎందుకంటే కంప్యూటర్‌లో వచ్చే లిస్టులో దానికి దగ్గరగా ఉన్నది అదే. వెనక్కిచ్చేటప్పుడు షీటు మీద "ఓఎస్ రీఇన్‌స్టాల్ చేశాం, ఇప్పుడు ఓకే" అని ఉంటుంది. కుర్రాడు సంతకం చేస్తాడు, ఫోన్‌కి వచ్చిన ఓటీపీ చెప్తాడు. రెండోసారి "పవర్ సమస్య" అని రాసి అడాప్టర్ మారుస్తారు. మూడోసారి "గమనించాం, సమస్య కనిపించలేదు". కుర్రాడి దృష్టిలో ఇది ఒకే జబ్బు, మూడుసార్లు. కాగితం మీద మాత్రం ఒక సాఫ్ట్‌వేర్ సమస్య, ఒక అడాప్టర్ సమస్య, ఒక ఉత్త ఫిర్యాదు. రేపు కంపెనీ లాయర్ ఈ మూడు షీట్లూ కమిషన్ ముందు పెట్టి, "వచ్చిన ప్రతిసారీ వేరే సమస్య, ప్రతిసారీ సరిచేశాం, కస్టమర్ సంతృప్తిగా సంతకం చేశాడు" అంటాడు. ఆ కాగితాల ప్రకారం అదే నిజం.

కాబట్టి జాబ్ షీట్ ప్రింటు తీసి చదవకుండా ల్యాప్‌టాప్ వదిలి రాకూడదు. మనం చెప్పింది మన మాటల్లోనే రాయమనాలి: ఏ పని చేస్తుంటే, ఎంతసేపటికి, ఏమవుతోంది, ఇంతకుముందు ఏ జాబ్ నంబరు కింద ఇదే సమస్యతో వచ్చాం. "సిస్టమ్‌లో అన్ని అక్షరాలు పట్టవన్నా" అంటే, పోట్లాడక్కర్లేదు. అక్కడే నిలబడి కస్టమర్ కేర్‌కి ఈమెయిల్ పెట్టి, జాబ్ నంబరు రాసి, వివరమంతా అందులో ఇవ్వండి. తేదీ, టైముతో సహా అది రికార్డులో ఉంటుంది. తిరిగి తీసుకునేటప్పుడు ఏ పార్టు తీశారు, ఏది వేశారు, వాటి నంబర్లు షీటు మీద ఉండాలి. సంతకం పక్కన "వాడి చూశాక చెప్తాను" అని ఇంగ్లీషులో ఒక్క ముక్క రాస్తే మొహం చిట్లించుకుంటారు గానీ, ఆ ఒక్క ముక్క తర్వాత చాలా పనికొస్తుంది.

"సమస్య కనిపించలేదు" అన్నదానికి విరుగుడు యంత్రంలోనే ఉంది. విండోస్‌లో రిలయబిలిటీ మానిటర్ అని ఒకటుంది, ఏ రోజు ఏది క్రాష్ అయిందో క్యాలెండర్‌లా చూపిస్తుంది. సిస్టమ్‌లో జరిగినవన్నీ నమోదయ్యే ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్ పవర్ 41 అని కనిపిస్తే, సిస్టమ్ సరిగ్గా షట్‌డౌన్ కాకుండానే మళ్లీ మొదలైందని అర్థం. అదొక్కటే హార్డ్‌వేర్ లోపాన్ని నిరూపించదు, కరెంటు పోయినా, బటన్ నొక్కి ఆపినా అదే వస్తుంది. కానీ విండోస్ ఫ్రెష్‌గా వేశాక కూడా, మదర్‌బోర్డు మార్చాక కూడా అవే నమోదులు అదే తీరులో వస్తున్నాయంటే, సాఫ్ట్‌వేర్ మీదికి తోసేసే దారి మూసుకుపోతుంది. ఈ లాగ్‌లు, ఫోన్‌తో తీసిన వీడియోలు యంత్రం ఇచ్చేముందే బయటకి తీసి పెట్టుకోవాలి, రీఇన్‌స్టాల్‌తో లాగ్‌లు చెరిగిపోతాయి. ఇంకో జాగ్రత్త: డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే, మదర్‌బోర్డు మారిన వెంటనే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది లేకపోతే డేటా మీద ఆశ వదులుకోవడమే. డేటా పోయిందని తర్వాత ఎంత గొడవపడినా, బ్యాకప్ బాధ్యత కస్టమర్‌దేనని జాబ్ షీట్ వెనక చిన్న అక్షరాల్లో ఉంటుంది.

విసిగిపోయి బెంగళూరు ఎస్పీ రోడ్డు రిపేరు దుకాణాలకి తీసుకెళ్లి విప్పించాలనిపించడం సహజం. అక్కడ మంచి పనివాళ్లు ఉన్నారు, కంపెనీ ఇంజినీర్‌కి దొరకని జబ్బు పది నిమిషాల్లో పట్టేవాళ్లూ ఉన్నారు. కానీ రీఫండ్ అడగాలన్న ఉద్దేశం ఉన్నంతకాలం వారంటీలో ఉన్న మెషీన్ స్క్రూ బయట తిప్పించకండి. ఆ తర్వాత ప్రతి లోపమూ బయట విప్పడం వల్ల వచ్చిందే అవుతుంది. సర్వీస్ సెంటర్‌వాళ్లు సీఐడీ అంటే కంగారుపడొద్దు, పోలీసులు కాదు, కస్టమర్ చేసిన డ్యామేజీ అని వాళ్ల లెక్క. తడి తగిలిన గుర్తులున్నాయనో, హింజ్ విరిగిందనో ఆ ముద్ర వేస్తే వారంటీ ఎగిరిపోతుంది. అలా అన్నప్పుడు ఫొటోలు అడిగి తీసుకోండి, ఒప్పుకోవడం లేదని అదే రోజు ఈమెయిల్ చేయండి. ఇచ్చిన రోజు బయటి భాగాలు ఎలా ఉన్నాయో కౌంటర్ మీదే ఫొటోలు తీసి పెట్టుకున్నవాళ్లకి ఈ గొడవ సగం తప్పుతుంది.

ఎవరిని అడగాలన్నది తర్వాతి చిక్కు. అమ్మినవాడు, ఆన్‌లైన్ వేదిక, తయారీ కంపెనీ, సర్వీస్ సెంటర్ నలుగురూ నలుగురే, ఒకరి మీద ఒకరు తోసుకుంటారు. డబ్బు తీసుకున్నది అమ్మినవాడు, బిల్లు మీద ఉన్నదీ అతనే. లోపం తయారీలోదైతే కంపెనీ. సర్వీస్ సెంటర్ చాలావరకు కాంట్రాక్టు ఏజెన్సీ, రీఫండ్ నిర్ణయం దాని చేతిలో ఉండదు, అక్కడ అరిచి లాభం లేదు. ఆన్‌లైన్‌లో కొంటే 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలు ఉన్నాయి: లోపమున్న వస్తువును వెనక్కి తీసుకోనని సెల్లర్ అనకూడదు, వేదికకు ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్ ఉండాలి, ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. రిటర్న్ గడువు దాటిపోయిందని యాప్‌లో బటన్ మాయమైతే హక్కు మాయమైనట్టు కాదు. ఫిర్యాదులో అమ్మినవాడినీ కంపెనీనీ ఇద్దరినీ పార్టీలుగా పెట్టడం మామూలు పద్ధతి, బాధ్యత ఎవరిదో వాళ్లిద్దరూ కమిషన్ ముందు తేల్చుకుంటారు.

ఎంత తొందరగా అడిగామన్నది కూడా లెక్కే. 1930 నాటి వస్తు విక్రయ చట్టం ప్రకారం, కొన్నవాడు సరుకును స్వీకరించకముందే లోపం కనిపెట్టి తిరస్కరించవచ్చు. ఒకసారి స్వీకరించాక మామూలుగా మిగిలేది నష్టపరిహారం అడిగే హక్కు. ల్యాప్‌టాప్ కొని ఎనిమిది నెలలు శుభ్రంగా వాడాక మొదటిసారి చెడితే, పూర్తి ధర వెనక్కి రావడం కష్టం, అలాంటప్పుడు కంపెనీలు తరుగు తీసి ఇస్తామంటాయి. మొదటి వారంలోనే చెడి, మొదటి నెలలోనే రెండుసార్లు సర్వీస్ సెంటర్ గడప తొక్కితే కథ వేరు. చాలా కంపెనీలకు డబ్బా తెరిచిన కొన్ని రోజుల్లోపే చెడిన మెషీన్‌ని మార్చిచ్చే పద్ధతి ఒకటుంది, రోజుల లెక్క కంపెనీని బట్టి మారుతుంది. ఆ కొద్దిరోజుల్లో సమస్య వస్తే రిపేరుకి ఒప్పుకోకపోవడమే తెలివి. "ఒక్కసారి చూసి ఇచ్చేస్తాం సార్" అన్న మాటకి తలూపితే, మెషీన్ అక్కడ టేబుల్ మీద ఉండగానే గడువు దాటిపోతుంది.

మన బెంగళూరులో ప్రత్యేకంగా తగిలే గొయ్యి ఒకటుంది. ఫ్రీలాన్స్ చేసేవాళ్లు, చిన్న స్టార్టప్‌లు పెట్టినవాళ్లు ల్యాప్‌టాప్ మీద 18 శాతం జీఎస్టీ కలిసొస్తుందని తమ జీఎస్టీ నంబరు మీద బిల్లు వేయించుకుంటారు. పన్ను విషయంలో అది సబబే. కానీ వాణిజ్య అవసరానికి కొన్నవాళ్లు వినియోగదారుడి నిర్వచనంలోకే రారని చట్టం అంటుంది, కంపెనీ లాయర్ ఆ బిల్లు చూడగానే మొదట ఎత్తేది అదే. సొంతంగా పనిచేసుకుని బతుకుతెరువు కోసమే కొన్నదైతే మినహాయింపు ఉంది. 1995లో లక్ష్మి ఇంజినీరింగ్ వర్క్స్ కేసులో సుప్రీం కోర్టు ఈ తేడా వివరంగా చెప్పింది. ఒక్కడే కూర్చుని డిజైన్ పని చేసుకునే మనిషికి దారి ఉంది. పదిమంది ఉద్యోగులకు పది కొన్న సంస్థకు మాత్రం కష్టమే. అలాంటివాళ్లు సివిల్ కోర్టు దారి చూసుకోవాలి.

ఇక అడిగే క్రమం. కంపెనీకి రాసే ఈమెయిల్‌లో కోపం ఎంత తక్కువుంటే అంత మంచిది. కొన్న తేదీ, బిల్లు నంబరు, ధర, జాబ్ షీట్ల నంబర్లు తేదీలతో, ఒక్కోసారి ఎన్నిరోజులు అక్కడ ఉండిపోయింది, ఇప్పుడు ఏమవుతోంది, ఏం కావాలి, ఎన్నాళ్లలో కావాలి. "రీఫండ్ గానీ కొత్తది గానీ" అని రాస్తే వాళ్లు రిపేరు అంటారు. ఏదో ఒకటి ముందు తేల్చుకుని అడగండి. నన్నడిగితే, మొదటి రెండు మూడు నెలల్లో అయితే సీల్ తీయని కొత్త మెషీన్ ఇస్తే తీసుకోవడమే మేలు, ఆ మోడల్‌కే అదే జబ్బు లేనంతవరకు. కాకపోతే ఇచ్చేది నిజంగా కొత్తదేనా, బాగుచేసినదా, వారంటీ మళ్లీ మొదటినుంచి లెక్కిస్తారా, పాతదాంట్లో మిగిలిందేనా అన్నవి రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. నాలుగో రిపేరుకి ఇవ్వక తప్పకపోతే, "ఇదే లోపం మళ్లీ వస్తే రీఫండ్ అడుగుతాను, ఈ రిపేరుకి ఒప్పుకున్నంత మాత్రాన ఆ హక్కు వదులుకున్నట్టు కాదు" అని ఈమెయిల్ పెట్టి ఇవ్వండి.

అక్కడ కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. తెలుగులోనూ మాట్లాడొచ్చు. అది కోర్టు కాదు, ఆదేశాలివ్వదు, కంపెనీలోని సరైన మనిషి దగ్గరికి ఫిర్యాదు చేరేలా చేస్తుంది. చిన్నదని తీసిపారేయకండి, కౌంటర్ దాటి పైకి పోని ఫిర్యాదులు ఇక్కడ కదులుతాయి. పైగా తర్వాత కమిషన్‌కి వెళ్తే, అంతకుముందు ప్రయత్నించామనడానికి ఆ ఫిర్యాదుకి ఇచ్చే డాకెట్ నంబరు ఒక సాక్ష్యం.

కమిషన్ అంటే భయం ఎక్కువ, అవసరానికి మించి. 50 లక్షల రూపాయల వరకు కట్టి కొన్న వస్తువుల ఫిర్యాదులు జిల్లా కమిషన్‌కే వెళ్తాయి. కట్టిన ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు. లాయర్ ఉండాలన్న నియమం లేదు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటినుంచే దాఖలు చేయొచ్చు, వీడియోలో హాజరవుతానని అడగొచ్చు. కంపెనీ హెడ్డాఫీసు ఎక్కడున్నా, మనం ఉంటున్నచోట, పనిచేస్తున్నచోట కేసు వేసే హక్కు 2019 చట్టంతో వచ్చింది. ఆధార్‌లో కర్నూలు అడ్రసు ఉండి పీజీలో ఉండేవాళ్లు, ఇక్కడే ఉంటున్నామనడానికి రెంట్ అగ్రిమెంటో ఆఫీసు లెటరో జతచేస్తే ప్రశ్న రాదు. కేసు వేయడానికి వ్యవధి రెండేళ్లు, ఫిర్యాదుకి కారణం పుట్టిన రోజునుంచి. ఈమెయిళ్లు నడుస్తున్నాయి కదా అని కూర్చుంటే ఆ గడియారం ఆగదు, లీగల్ నోటీసు ఇచ్చినా ఆగదు.

కంపెనీ తరఫున మామూలుగా వచ్చే జవాబు: "తయారీ లోపమని నిపుణుడి నివేదిక ఏదీ లేదు". పరీక్ష లేకుండా లోపం తేలదనిపిస్తే ల్యాబ్‌కి పంపే అధికారం సెక్షన్ 38 కింద కమిషన్‌కి ఉంది, ఆ ఫీజు మొదట మనమే కట్టాలి. కానీ కంపెనీ సొంత ఇంజినీర్లే రెండుసార్లు మదర్‌బోర్డు మార్చినట్టు జాబ్ షీట్లలో ఉంటే, దాన్ని మించిన నిపుణుడి నివేదిక ఏముంటుంది? ఆ వాదన నిలబడాలంటే మళ్లీ మనం మొదట చెప్పుకున్న కాగితాలే కావాలి. కమిషన్ నోటీసు అందాక కంపెనీ 30 రోజుల్లో జవాబివ్వాలి, కమిషన్ ఒప్పుకుంటే ఇంకో 15. ఆ 45 రోజులు దాటితే జవాబు తీసుకోకూడదని 2020 మార్చిలో సుప్రీం కోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చేసింది. కేసు మాత్రం మూడు నెలల్లో, పరీక్ష అవసరమైతే ఐదు నెలల్లో ముగించడానికి ప్రయత్నించాలని చట్టం అంటుంది. ఆ లెక్క నమ్ముకుని ప్లాన్ వేసుకోకండి, వాయిదాలు ఉంటాయి. ఈలోపు పని ఆగదు కాబట్టి చాలామంది ఇంకోటి కొనుక్కుంటారు, దాని బిల్లు కూడా దాచి పెట్టుకోండి. ఈఎంఐ మీద కొన్నవాళ్లు ఇంకోటి గుర్తుంచుకోవాలి: ల్యాప్‌టాప్ చెడిందని కిస్తీ ఆపితే దెబ్బతినేది మీ సిబిల్ స్కోరు, కంపెనీ కాదు.

ఆర్డరు మనవైపు వస్తే కంపెనీకి అప్పీలుకి 45 రోజులు, దానికి ఆర్డరు మొత్తంలో సగం ముందే జమ చేయాలి. అందుకే ల్యాప్‌టాప్ అంత చిన్న మొత్తాలకి చాలా కంపెనీలు అంతదూరం పోవు, నోటీసు అందాకే సర్దుబాటుకి ఫోన్ చేస్తాయి. అప్పీలు చేయకుండా, డబ్బూ ఇవ్వకుండా ఉంటే సెక్షన్ 71 కింద సివిల్ కోర్టు డిక్రీలా అమలు చేయించుకోవచ్చు, సెక్షన్ 72 కింద జైలు శిక్ష దాకా ఉంది.

సర్దుబాటైనా ఆర్డరైనా, ల్యాప్‌టాప్ తిరిగి అప్పగించాల్సిందే. ఇచ్చేముందు అకౌంట్లన్నీ సైన్ అవుట్ చేసి, డ్రైవ్ పూర్తిగా చెరిపేయండి, బూట్ అవ్వకపోతే ఎస్‌ఎస్‌డీ డేటా సంగతేంటో రాతపూర్వకంగా అడగండి. సీరియల్ నంబరు, ఛార్జరుతో సహా అందినట్టు రసీదు తీసుకోండి. "డబ్బులు పూర్తిగా ముట్టాయి, ఇక ఏ క్లెయిమూ లేదు" అన్న కాగితం మీద సంతకం మాత్రం బ్యాంకు మెసేజ్ వచ్చాకే.